కంప్యూటర్ పాఠం చెప్పే టీచరుకు నెలకో గంట ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కోడింగ్ ఆరో తరగతి స్థాయి నుంచే మొదలవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మంచి మాట. అయితే జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ పీరియడ్ వచ్చి పడేది లెక్కలో, సైన్సో చెప్పే స్కూల్ అసిస్టెంట్ మీద. నేనూ ఒక లెక్కల టీచర్నే. మాలో చాలామంది కంప్యూటర్ సైన్స్ చదువుకున్నవాళ్లం కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. నిర్వహణ ఐదేళ్లపాటు ఏజెన్సీలది, పాఠం కాంట్రాక్టు బోధకులది. గడువు తీరి వాళ్లు వెళ్లిపోతే చాలాచోట్ల పాఠం కూడా వాళ్లతోనే పోయింది. కేరళలో బడుల కంప్యూటర్ చదువు కోసం 2001లో మొదలై నేడు కైట్‌గా నడుస్తున్న ప్రభుత్వ సంస్థ అలా చేయలేదు. బడిలో ఉండే టీచర్లకే నేర్పింది, మలయాళంలోనే పుస్తకాలు ఇచ్చింది.

ల్యాబు లేకపోయినా మొదలుపెట్టొచ్చు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వాళ్ల 'సీఎస్ అన్‌ప్లగ్డ్' పాఠాలు ఉచితం, కరెంటు పోయినా ఆగవు. ఐదుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టి 16, 8, 4, 2, 1 చుక్కలున్న అట్టలు చేతికివ్వాలి. 'పదమూడు చూపించండి' అంటే 8, 4, 1 పట్టుకున్నవాళ్లు చుక్కలు మనవైపు తిప్పుతారు. చుక్కలు కనబడితే ఒకటి, లేకపోతే సున్నా. కంప్యూటర్ అంకెల్ని దాచుకునే తీరులోనే బోర్డు మీద పదమూడు 01101గా వచ్చేస్తుంది. పిల్లల మొహాలు చూడాలి అప్పుడు! ఇంతలో ఎవరో ఒకరు లేస్తారు: '31 దాటితే ఎలా సార్?' 32 చుక్కలతో ఆరో అట్ట. 'మరి అర ఎలా చూపిస్తాం?' కొత్త టీచరు తడబడేది ఇక్కడే. మర్నాటి నుంచి ఆ పీరియడ్ లెక్కల సిలబస్‌కు పోతుంది. 1కి కుడిపక్కన అర చుక్క అట్ట పెట్టొచ్చని తోటి టీచరు ఒకరు ముందే చెప్పి ఉంటే పాఠం నిలబడేది.

ఆ తోటి టీచరును మాకివ్వండి. రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే శిక్షణతో ఆ పని జరగదు. చుట్టుపక్కల బడుల టీచర్లం నెలనెలా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ప్రతిసారీ ఒక గంట దీనికే కేటాయించండి. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్లం పిల్లల్లా కూర్చుని అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేయాలి, తర్వాతి సమావేశంలో తరగతిలో ఏం జరిగిందో చెప్పుకోవాలి. పిల్లలు అడగబోయే ప్రశ్నలూ వాటి జవాబులూ ఉన్న తెలుగు కరదీపిక ఒకటి రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) చేత రాయించండి. మొదటి ఏడాది మాత్రం మార్కులు, యాప్‌లో ఫొటోల అప్‌లోడ్లు వద్దండీ.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ గణిత ఉపాధ్యాయుడు