బొమ్మ వేసిన అమ్మాయి పేరెందుకు వేయలేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో నరసాపురం చిత్రప్రదర్శన వార్త చదివాను. నాలుగు రోజులైనా మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను. రిబ్బన్ కత్తిరించిన వారి పేరు, శాలువా కప్పిన వారి పేరు, కప్పించుకున్న వారి పేరు అన్నీ వేశారు. బొమ్మలు వేసిన అమ్మాయి పేరు మాత్రం లేదు. ‘స్థానిక యువతి కుట్టుపని’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు.

నేను వెళ్ళి చూశానండీ. ఆ అమ్మాయి నాయనమ్మ లేసు మూట ఒళ్ళో పెట్టుకుని సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం ఏజెంటు దగ్గరికి వచ్చేదట. ఆ పంటునీ వశిష్ఠ గోదావరినీ గుడ్డ మీద రంగులతో వేసి, మూట దగ్గర మాత్రం ఆవిడ అల్లిన అసలు లేసు ముక్కనే కుట్టింది. 1996 నవంబర్ తుఫానుకి పెట్టెలో తడిసి మరకపడ్డ ముక్క అది. మరకని అలాగే ఉంచి, చుట్టూ పడిపోయిన కొబ్బరిచెట్లని ఆకుపచ్చ దారంతో కుట్టింది. చూస్తుంటే ఏడుపొచ్చేసింది.

మా అమ్మ కూడా లేసు అల్లేది. చేతిపని, అంటే ముక్కలు అల్లడం ఆవిడది; అతుకుపని, అంటే వాటిని కలిపి కుట్టడం పక్కింటి పిన్నిది. వంటయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి లేచేవారు. ఏజెంటు డజను లెక్కన ఇచ్చే డబ్బులతోనే మా స్కూలు పుస్తకాలు. ఆ లేసు ఏ దేశం వెళ్ళిందో, ఎవరి బల్ల మీద పరిచారో గానీ, అమ్మ పేరు ఎక్కడా లేదు. 1844లో మిషనరీలుగా వచ్చిన మెక్రే దంపతులు ఈ అల్లిక నేర్పారని అందరూ చెబుతారు, తర్వాత అల్లిన వేలమంది ఆడవాళ్ళలో ఒక్కరి పేరైనా చెప్పగలమా? 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ప్రభుత్వం ఇచ్చే ముద్ర) వచ్చినందుకు నాకూ గర్వమే, కానీ అది కూడా ఊరి పేరు మీదే.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరున గ్యాలరీ ఉంది. 28 ఏళ్ళు నిండకుండానే, 1925లో పోయిన మహానుభావుడు, ఉండాల్సిందే. ఆయన భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారని ఎంతమందికి తెలుసు?

ఇక ఆ హాలు సంగతి. గోడలు చెమ్మ, రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగదు. రెండో రోజు మధ్యాహ్నం ఏదో మీటింగ్ ఉందని బొమ్మలు తీయించేశారు, ఆ అమ్మాయి ఒక్కతే అన్నీ దుప్పట్లో చుట్టుకుంది. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, ఎక్కడ చూసినా ఏసీ కల్యాణమండపాలే. ఒక బొమ్మ తగిలించుకోవడానికి చెమ్మ లేని గోడ ఇవ్వలేరా మన అధికారులు?

దయచేసి సవరణ వేయండి. ఆ అమ్మాయి పేరు వేయండి, వీలైతే పంటు బొమ్మ ఫోటో వేయండి, నాయనమ్మ పేరు కూడా వేయండి. ఆవిడ పేరు గుడ్డ కింది మూలన ఎర్రదారంతో కుట్టే ఉంది, మీ విలేకరి కాస్త వంగి చూస్తే కనిపించేది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నరసాపురం