విడుదల తేదీకి ముందే మొదలవ్వాల్సిన పని

సంపాదకులకు నమస్కారం.

శిక్ష ముగించుకుని జైలు నుంచి వచ్చినవారి పునరావాసం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఉపాధి శిక్షణ గురించి, వారిలో రావలసిన పరివర్తన గురించి చాలా చర్చ జరుగుతుంది. ఆ చర్చ అవసరమే. కానీ అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్నలు రెండున్నాయి: గేటు దాటిన మనిషి ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి, తానెవరో చెప్పుకోవడానికి చేతిలో ఏ కాగితం ఉంది?

గుర్తింపు పత్రం లేకపోతే బ్యాంకు ఖాతా దొరకదు, చిరునామా లేకపోతే గుర్తింపు పత్రం రావడం కష్టం, ఈ రెండూ లేని మనిషికి ఇల్లు అద్దెకివ్వడానికి గానీ పనిలో పెట్టుకోవడానికి గానీ ఎవరూ ముందుకు రారు. ఏళ్ల తరబడి లోపల ఉన్నవారి పాత పత్రాలు పోయి ఉండవచ్చు, గడువు తీరిపోయి ఉండవచ్చు. విడుదలయ్యాక వాటికోసం తిరగడం మొదలుపెడితే, చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఆ తిరుగుడులోనే అయిపోతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. ఐక్యరాజ్యసమితి 2015లో సవరించి, 27 ఏళ్లు ఖైదులో గడిపిన నెల్సన్ మండేలా పేరు పెట్టిన ఖైదీల కనీస ప్రమాణ నియమాల్లో ఇదంతా ఉంది. ఖైదీ విడుదలతో సమాజం బాధ్యత తీరిపోదని 90వ నియమం, విడుదల తర్వాతి జీవితం గురించి శిక్ష మొదలైననాటి నుంచే ఆలోచించాలని 107వ నియమం చెబుతున్నాయి. 108వ నియమమైతే గుర్తింపు పత్రాలు, తగిన ఇల్లు, పని, కాలానికి తగిన బట్టలు, గమ్యం చేరడానికీ విడుదలైన తొలి రోజులు గడవడానికీ సరిపడా ఆధారం అంటూ ఒక్కొక్కటీ పేర్కొంది. నియమం రాసినవారికి ఆ గేటు బయటి నిమిషం ఎలా ఉంటుందో తెలుసని ఇది చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

తొలి రోజులంటే మాటవరసకు చెప్పడం లేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన 30 వేలమందికి పైగా వ్యక్తుల వివరాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో వారి మరణ ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 12 రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. ప్రధాన కారణం మాదకద్రవ్యాల మోతాదు మించడం. లోపల ఉన్నంతకాలం వాడకం తగ్గి, శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది; బయటికి వచ్చాక అదే మోతాదు తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మానసిక వ్యాధికో క్షయకో మందులు వాడుతున్నవారికి చికిత్స తెగిపోయే ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. విడుదల వారంలో ఏ రోజు అన్నది కూడా చిన్న విషయం కాదు: శుక్రవారం వదిలితే రెండు రోజులు కార్యాలయాలు మూసి ఉంటాయన్న కారణంతోనే, అవసరమైనవారిని ఒకటి రెండు రోజులు ముందుగా విడుదల చేసే వీలు కల్పిస్తూ ఇంగ్లండ్, వేల్స్‌లకు 2023లో చట్టం చేశారు.

నేరం వల్ల నష్టపోయినవారి బాధను నేను తక్కువ చేయడం లేదు. అయితే కోర్టు వేసిన శిక్ష పూర్తయ్యాక కూడా మనిషిని దిక్కులేకుండా వదిలేస్తే ఆ బాధితులకు ఒరిగేదేమీ లేదు. నిలువ నీడ, చేతికి పని లేనివారు మళ్లీ పాత సహవాసం వైపు వెళ్లే అవకాశమే పెరుగుతుంది.

అందుకే జైళ్ల శాఖలకు నా విన్నపం ఒక్కటే. విడుదలకు కనీసం ఆరు నెలల ముందు ప్రతి ఖైదీ వ్యవహారాన్ని ఒక ఉద్యోగికి పేరుపేరునా అప్పగించాలి. పత్రాలు, బస, మందులు, ఆసుపత్రిలో చూపించుకోవలసిన తేదీ ఖరారయ్యాయని ఆ ఉద్యోగి సంతకం చేయాలి. ఇంటివారు రానివ్వని మహిళలకు బస చూడటం ఆ జాబితాలో మొదటి పని కావాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు