రిపోర్టు చేతికి రావడానికి ఎన్ని రోజులు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ గారికి,

నమస్కారం. రొమ్ము క్యాన్సర్ మీద మీ సంస్థ చెప్పే ఒక లెక్కను, తప్పు చదివానేమో అనుకుని, రెండుసార్లు చదివాను. బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో 12 మంది స్త్రీలలో ఒకరికి జీవితకాలంలో ఈ జబ్బు బయటపడుతోంది, 71 మందిలో ఒకరు దానితో చనిపోతున్నారు. బాగా వెనకబడిన దేశాల్లో అది బయటపడేది 27 మందిలో ఒకరికే, కానీ 48 మందిలో ఒకరు చనిపోతున్నారు. జబ్బు తక్కువగా కనబడుతున్నచోటే చావులు ఎక్కువ!

2022లో ప్రపంచమంతటా దీనితో పోయినవాళ్లు దాదాపు 6,70,000 మంది. సంపన్న దేశాల్లో 1980ల నుంచి మరణాల రేటు 40 శాతం తగ్గింది. హార్మోన్ల వల్ల పెరిగే రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ కొత్త మందేమీ కాదు, ఖరీదైనదీ కాదు. మరి తేడా ఎక్కడ వస్తోంది? రోజుల్లో. గడ్డ చూపిస్తే మొదట "పాలగడ్డేలే, తగ్గిపోతుంది" అంటారు. తర్వాత బయాప్సీకి, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడానికి, ఇంకో ఊరు పంపుతారు. అక్కడ తీసిన ముక్కను చూడటానికి పాథాలజిస్టు ఉండరు. హార్మోన్ పరీక్ష జరగకపోతే టామోక్సిఫెన్ పనిచేస్తుందో లేదో డాక్టరుకే తెలియదు. అన్నీ దాటుకుని వస్తే రేడియేషన్ యంత్రం ఎక్కడో దూరాన ఉంటుంది, వారాల తరబడి అక్కడే ఉండాలి. పనీ పిల్లలూ వదిలి ఉండలేక మధ్యలోనే మానేసేవాళ్లు ఎందరో.

2021లో మీరు మొదలుపెట్టిన కార్యక్రమం ఈ చిక్కుల్ని సరిగ్గానే పట్టుకుంది. 60 శాతానికి పైగా కేసులు తొలి దశల్లోనే దొరకాలి, ఆసుపత్రికి వచ్చిన 60 రోజుల్లో జబ్బేమిటో తేలాలి, 80 శాతానికి పైగా రోగులు చికిత్స పూర్తిచేయాలి. (సిగ్గుతోనో భయంతోనో ఇంట్లోనే గడిచిపోయిన నెలలు ఆ 60 రోజుల్లోకి రావు, అది వేరే బాధ.)

నా ఫిర్యాదల్లా సగటు మీదే. దేశం మొత్తానికి ఒకే అంకె ఇస్తే లోపలి తేడాలు కనబడవు. అమెరికానే తీసుకోండి. నల్లజాతి స్త్రీలకు ఈ జబ్బు తెల్లజాతి స్త్రీలకంటే కాస్త తక్కువగానే వస్తోంది, మరణాల రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. అంత డబ్బున్న దేశంలోనే ఇలా ఉంటే, క్యాన్సర్ నమోదే సరిగ్గా లేని ప్రాంతాల సంగతి చెప్పాలా? అక్కడ చావులు కాగితం మీద తక్కువగా కనిపిస్తాయి, అది చూసి అధికారులు నిశ్చింతగా ఉంటారు.

ఊరూరా తిరిగి రొమ్ము ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ బస్సుకు రిబ్బన్ కత్తిరించడం మంత్రులకు ఇష్టమే, ఫొటో బాగా వస్తుంది. దాంట్లో గడ్డ దొరికిన మనిషికి బయాప్సీ చేసే చోటు లేకపోతే ఆ బస్సు ఆమెకు టెన్షన్ తప్ప ఏం ఇచ్చినట్టు?

మే నెలలో జెనీవాలో ఆరోగ్య మంత్రులంతా కూర్చున్నప్పుడు దేశ సగటు అడగకండి. రాజధానికి అన్నిటికంటే దూరంగా ఉన్న జిల్లాలో, గడ్డతో వచ్చిన స్త్రీకి ఎన్ని రోజులకు రిపోర్టు చేతికొస్తోందో అడగండి. వాళ్లు చెప్పిన జవాబును జిల్లా పేరుతో సహా ప్రచురించండి.

ఇట్లు,
ఒక పౌరురాలు