గోల్డెన్ రూఫ్ కథ తప్పు, సవరణ ఎక్కడ?

సంపాదకుల వారికి,

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. వేయలేదు.

అక్కడి గోల్డెన్ రూఫ్‌ను అచ్చమైన బంగారంతో చేసిన కప్పు అన్నారు. ‘ఖాళీ జేబుల ఫ్రెడరిక్’ అనే పాలకుడు తనను బీదవాడని వెక్కిరించినవాళ్ల నోరు మూయించడానికి దాన్ని కట్టించాడనీ రాశారు. రెండూ తప్పే. అవి బంగారు పలకలు కావు, బంగారు పూత పూసిన రాగి పలకలు. మొత్తం 2,657. పాదరసంలో కలిపిన బంగారాన్ని రాగి మీద రాసి వేడిచేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకుంటుంది. ఆ ఆవిరి విషం. 500 ఏళ్ల కిందట ప్రాణాలకు తెగించి ఆ పని చేసిన వాళ్ల గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

ఫ్రెడరిక్ 1439లోనే చనిపోయాడు. వెనక ఉన్న రాజనివాసం ఆయన కాలానిదే, కాదనను. కానీ ఈ కప్పూ, దాని కింది బాల్కనీ 1500 ప్రాంతంలో హాబ్స్‌బర్గ్ వంశపు రాజు మాక్సిమిలియన్ కట్టించినవి. ఫ్రెడరిక్ పోయిన 20 ఏళ్లకు పుట్టినవాడాయన. గైడ్లు ఈ కథ చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. అచ్చు వేసే ముందు పత్రిక సంవత్సరాలైనా చూసుకోవద్దా?

బాల్కనీ మీది శిల్పాలను ‘అందమైన బొమ్మలు’ అని ఒక్క మాటతో తేల్చేశారు. అందులో మాక్సిమిలియన్ ఇద్దరు భార్యలతోనూ కనిపిస్తాడు. అప్పటికి మొదటి భార్య మేరీ చనిపోయి 18 ఏళ్లు. అయినా రెండో భార్య బియాంకా మరియా స్ఫోర్జా పక్కన ఆమెనూ చెక్కించాడు. బర్గండీ పాలకుల వారసత్వం హాబ్స్‌బర్గ్ వంశానికి వచ్చింది మేరీ వల్లే మరి. కింద చౌకులో నిలబడిన ప్రజలందరికీ తన ఘనత చాటుకునే ఏర్పాటు అది. ఇప్పుడు అక్కడ ఉన్నవి నకళ్లు. అసలు శిల్పాలను ఎండావానల నుంచి కాపాడటానికి ఆ ఊరి ఫెర్డినాండియం మ్యూజియంలో పెట్టారు. గోల్డెన్ రూఫ్ ఉన్న భవనం ముందే 1536లో, పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలని నమ్మే అనాబాప్టిస్టు క్రైస్తవుల నాయకుడు జేకబ్ హుట్టర్‌ను మత విశ్వాసం కోసం సజీవంగా కాల్చేశారు. ఆ చౌకును ఉల్లాసాల నెలవు అని రాసేవాళ్లకు ఇది తెలియాలి కదా.

మన టూర్ సంస్థల తీరు ఇంకా అన్యాయం. నేను వెళ్లిన బృందానికి గోల్డెన్ రూఫ్ దగ్గర ఇచ్చింది అరగంట. ఫొటోలు దిగేలోపే బస్సుకు టైమైంది. ఊరి బయట క్రిస్టల్ వస్తువుల దుకాణంలో మాత్రం మధ్యాహ్నమంతా కూర్చోబెట్టారు. నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో హోఫ్‌కిర్షె చర్చి ఉంది. మాక్సిమిలియన్ సమాధి చుట్టూ నిలువెత్తుకు మించిన 28 కంచు విగ్రహాలున్నాయి. సమాధిలో ఆయన లేడు, వియన్నా దగ్గర వీనర్ నాయ్‌స్టాట్‌లో ఖననం చేశారు. ఇంత పెద్ద విశేషం గురించి గైడ్ నోరెత్తలేదు. జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో ఒక్కసారి యూరప్ చూసొద్దామని వచ్చిన పెద్దవాళ్లు ఆ బస్సులో ఎంతమందో ఉన్నారు. వాళ్లకు దక్కింది దుకాణం బిల్లులు.

మీ వ్యాసంలో ఉన్నదీ సరిగ్గా ఆ గైడ్ చెప్పిన కథే. పక్క పేజీలో టూర్ ప్రకటన. ఒకప్పుడు మీ పత్రికలో పేరు తప్పు పడితే మర్నాడే సవరణ వచ్చేది. ఇప్పుడు ఎవరు ఏది పంపినా సరిచూడకుండా వేస్తున్నారు. బడి పిల్లలు ఈ పేజీలు కత్తిరించి ప్రాజెక్టుల్లో అంటించుకుంటారు. చరిత్ర పాఠం చెప్పినవాడిగా నాకు ఇది చాలా బాధగా ఉంది.

సవరణను అదే అనుబంధంలో, అందరికీ కనబడేలా వేయండి. రాసినవారు టూర్ సంస్థ ఖర్చుతో వెళ్లి ఉంటే, ఆ సంగతీ వ్యాసం కింద అచ్చు వేయండి.

— విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, గుంటూరు