వీలైన రైలు

సంపాదకునికి,

ప్రభుత్వ రైలంటే పాత బోగీలు, నష్టాలు అని మనవాళ్లలో ఒక మాట పాతుకుపోయింది కదా, అందుకే ఈ ఉత్తరం. మెల్‌బోర్న్ పక్కన టార్నిట్‌లో అమ్మాయి ఇంట్లో ఉంటున్నా. ఇక్కడ జిల్లా ఊళ్లకు రైళ్లు నడిపే వీలైన్ విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వానిది (పేరే మనకి ‘వీలైన రైలు’ అన్నట్టు వినిపిస్తుంది!). 2005 చివర్లో మొదలైన దీని వీలొసిటీ రైళ్లను ఇక్కడి డాండెనాంగ్‌లోనే తయారుచేస్తారు, డీజిల్‌తోనే గంటకు 160 కిలోమీటర్లు పోతాయి. నాకు బాగా నచ్చింది మాత్రం టికెట్. 2023 మార్చి 31 నుంచి ఎంత దూరపు ఊరికెళ్లినా రోజు మొత్తానికి పడేది సిటీలో తిరిగితే పడేంతే. మా లైన్లో మైకీ కార్డు (ఇక్కడి టికెట్ కార్డు) తాకించి ఎక్కడమే, దిగేటప్పుడు మళ్లీ తాకించాలి, మా ఆవిడ అది మర్చిపోతుందని నాకు రోజూ టెన్షన్.

ఒక్కటే వెలితి. 2015లో స్టేషన్ తెరిచాక టార్నిట్ ఊరు ఊరంతా పెరిగింది, ప్లాట్‌ఫాం మీద తెలుగు వినపడని పొద్దు లేదు, అయినా ఈ లైనుకి కరెంటు మాత్రం రాలేదు. దూరం ఊళ్లకోసం చేసిన డీజిల్ బండ్లతోనే సిటీ శివారు జనాన్ని మోయిస్తే ఎలా? ఆ తప్పు రైలుది కాదు, డబ్బులు విదల్చాల్సిన ప్రభుత్వానిది.

— ఒంగోలు పాఠకుడు, ప్రస్తుతం టార్నిట్