పెద్ద బాకా శృతి తప్పితే మమ్మల్ని తిట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం,

విజయనగరం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి ఇరవై ఏళ్ళబట్టి బ్యాండుమేళంలో ట్యూబా వాయిస్తున్నానండి, మనోళ్ళు పెద్ద బాకా అంటారు కదా అదే. ఊరేగింపులో కాస్త శృతి తేడా వస్తే చాలు, ఏటి వీళ్ళకి వాయించడం రాదా అనేస్తారు, ఆ మాటకి చాలా బాధేస్తాది, ఎందుకంటే చాలాసార్లు లోపం గొట్టంలోనే ఉంటాది.

మాది బీబీ ఫ్లాట్ అనే రకం ట్యూబా, చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు 18 అడుగుల గొట్టం. వాల్వ్ నొక్కితే గాలి ఇంకో చిన్న గొట్టంలో తిరిగొస్తాది, దారి పొడుగయ్యి స్వరం దిగుతాది. మరి ఒకటో వాల్వూ మూడో వాల్వూ కలిపి నొక్కితే ఆ రెండు గొట్టాలూ కలిసినా దాదాపు 5 అంగుళాలు చాలదు, ఎందుకంటే ఒకటోదాన్ని 18 అడుగుల లెక్కకే కోశారు, మూడోది కలిసేసరికి మొత్తం పొడుగు పెరిగిపోయింది కదా, దాంతో స్వరం పైన ఉండిపోద్ది. నాలుగో వాల్వ్ ఉంటే అదొక్కటీ నొక్కితే సరిపోద్ది, నాది మూడు వాల్వులదే, అందుకని వాయిస్తూనే స్లైడు, అంటే గొట్టంలో జారే ముక్కని, లాగుకుంటూ పెదాలతో దించుకుంటాను.

ఇంక వైశాఖం ఎండలో లోపల గాలి వేడెక్కి శృతి ఇంకా పైకి పోద్ది, పక్కన బండిమీద కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటాది. అప్పుడు మొత్తం శృతి దించే మెయిన్ స్లైడు బయటికి లాగాలి. మొన్న వేసవిలో గ్రీజు ఎండిపోయి నా స్లైడు పట్టేసింది, ఒక షాపుకి తీసుకెళ్తే కటింగ్ ప్లేయర్ వేసి పీకేశారు. స్లైడు వచ్చింది గానీ మౌత్‌పీస్ పెట్టే సన్నగొట్టం మీద శనగగింజంత సొట్ట పడింది. వెడల్పాటి బెల్లు, అంటే సౌండు బయటికొచ్చే గరాటు మూతి మీద అంత సొట్ట పడితే చెవికి తెలీనే తెలీదు, సన్నగొట్టంలో మాత్రం కొన్ని స్వరాలు గొంతు పట్టేసినట్టు వస్తన్నాయి. వాల్వ్ కింద మెత్తకి వేసే ఫెల్టు గుడ్డ అరిగినా అంతే, లోపల కన్నాలు ఒకదానికొకటి ఎదురు రాక సౌండు మూసుకుపోద్ది, పాత హార్మోనియం ఫెల్టు కత్తిరించి వేసుకున్నాను నేను.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి పనిలో చెయ్యి తిరిగినవాళ్ళున్నారు, మన ఊళ్ళో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది. కాలేజీ వాళ్ళు పూనుకుని, సన్నగొట్టం సొట్ట లోపల్నుంచి గుండు తోసి ఎలగ తీయాలో, పట్టేసిన స్లైడు ఎలగ విప్పాలో తెలిసినవాళ్ళని పిలిపించి, బుడితి పనివాళ్ళకీ మాకూ కలిపి ఒక్క వారం నేర్పించమని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. ముహూర్తాలు మొదలవ్వకముందే అయితే ఈసారి సీజనుకే పనికొస్తాది.

ఇట్లు,
ఒక బ్యాండు కళాకారుడు,
విజయనగరం