బొగ్గు పన్ను మార్పుతో బూడిద బొగ్గుకే లాభం

సంపాదకులకు,

జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు చర్చంతా సబ్బులు, ఏసీలు, కార్ల చుట్టూ తిరిగింది. అదే రోజు, అంటే 2025 సెప్టెంబరు 22న, బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సు ఎత్తేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. రెండూ కలిపితే అదనపు భారం లేదన్నది ప్రభుత్వ వాదన. సగటున సరిపోవచ్చు. కానీ బాయిలర్లో పడేది సగటు బొగ్గు కాదు కదా!

పన్నుకు ముందు ధర టన్ను 1,500 రూపాయలుండే, బూడిద ఎక్కువుండే నాసిరకం బొగ్గును తీసుకుందాం. పాత పద్ధతిలో జీఎస్టీ 75, సెస్సు 400, మొత్తం 475 రూపాయలు. ఇప్పుడు 270. టన్ను 4,000 ఉండే మేలురకానికి అప్పుడు 600, ఇప్పుడు 720. సుమారు 3,077 రూపాయల దగ్గర గీత పడింది. అంతకంటే చవకైన ప్రతి టన్నుకూ పన్ను తగ్గింది, ఖరీదైన దానికి పెరిగింది.

యూనిట్ కరెంటు లెక్కన చూస్తే తేడా ఇంకా పెద్దది. యూనిట్‌కు 2,400 కిలో కేలరీలు కావాలనుకుందాం. కిలోకు 3,200 కిలో కేలరీలిచ్చే నాసిరకం జీ-14 గ్రేడు బొగ్గయితే 750 గ్రాములు కాల్చాలి, 4,800 ఇచ్చే మేలురకం జీ-9 అయితే 500 గ్రాములు చాలు. పాత పన్ను నాసిరకంపై యూనిట్‌కు సుమారు 36 పైసలు, మేలురకంపై 30 పైసలు. ఇప్పుడు నాసిరకంపై 20, మేలురకంపై 36. బూడిద ఎక్కువ పోసేవాడికి ఆరు పైసల జరిమానా ఉండేది. దాని చోట 16 పైసల బహుమతి వచ్చింది.

ఇది కరెంటు సంగతి. విద్యుత్తుపై జీఎస్టీ లేదు కాబట్టి, థర్మల్ కేంద్రం బొగ్గుపై కట్టిన పన్ను వెనక్కి రాదు, చివరికి టారిఫ్‌లో కలుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ సంగతి వేరు. సిమెంటుపై సెస్సు లేదు గనుక బొగ్గు మీద కట్టిన 400 సర్దుబాటయ్యే దారి లేక, అచ్చంగా ఖర్చుగా మిగిలేది. ఇప్పుడు కట్టే 18 శాతమంతా ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే సిమెంటుపై కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటై, తిరిగొస్తుంది. కొన్నాళ్లు డబ్బు ఇరుక్కోవడం తప్ప, సిమెంటు బట్టీకి బొగ్గు మీద పన్ను దాదాపు సున్నా. ఈ ముక్క ఎక్కడా పెద్దగా చర్చకు రాలేదు.

ఈ సెస్సు 2010 జులైలో 50 రూపాయలతో మొదలైంది. 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. స్వచ్ఛ ఇంధనానికని వసూలు చేశారు. 2017-18 వరకు వచ్చింది సుమారు 86 వేల కోట్లు, ఆ పనికి ఖర్చయింది 16 వేల కోట్లే. 2017 జులై నుంచి, జీఎస్టీతో ఆదాయం తగ్గే రాష్ట్రాలకిచ్చే పరిహారం ఖాతాకు మళ్లించారు. నిధుల వాడకం తప్పుదారి పట్టిందన్నది నిజమే. అయినా కాల్చే ప్రతి టన్నుకూ ఇంతని కట్టాల్సి రావడమే కొంత కళ్లెంగా పనిచేసేది.

కార్బన్ క్రెడిట్ల మార్కెట్ వస్తోంది కదా అంటారేమో. అందులో కర్బన ఉద్గారాల లక్ష్యాలు మొదట నోటిఫై చేసింది సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ) రంగాలకు. బొగ్గు ఎక్కువ కాల్చే థర్మల్ కేంద్రాలు అందులో లేవు. పైగా అది కార్బన్ లెక్క, బూడిద లెక్క కాదు.

టన్ను పన్నును క్రెడిట్ దొరకని విధంగా, జీఎస్టీకి బయట మళ్లీ పెట్టాలి. 2010లోనూ ఫైనాన్స్ చట్టంతో ఎక్సైజ్ సుంకంగానే తెచ్చారు. బూడిద శాతాన్ని బట్టి వేస్తే ఇంకా న్యాయం కదా అని కొందరంటారు. వినడానికి బాగుంది గానీ, గనిలో ఒక గ్రేడు రాసి, ప్లాంటులో దించాక రెండు గ్రేడులు తక్కువ తేలడం, శాంపిల్ ఎవరు తీశారని తగాదా పడడం ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినవే. పన్ను కూడా ఆ శాంపిల్ సంచిపైనే ఆధారపడితే సంచికే రేటు కడతారు. టన్ను లెక్కకైతే కాటా చీటీ చాలు.

ఇట్లు,
థర్మల్ ఇంధన విభాగంలో పనిచేసిన పాఠకుడు,
పాల్వంచ